చిత్తూరు, తిరుపతి జిల్లాల ఇళ్లలో వాతావరణ మార్పును తట్టుకునే పనులు: ఏది ముందు, ఏది తర్వాత, ఎలా

వాతావరణ మార్పు గురించి చాలా విన్నాం, మా ఇంట్లో, మా చేనులో ఏ పనితో మొదలుపెట్టాలో చెప్పండి అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. సొంత మిద్దె ఉన్నవారు, అద్దెకు ఉంటున్నవారు, నాలుగైదు ఎకరాల సేద్యం చేసేవారు తమ పరిస్థితికి తగినట్లు అనుసరించగలిగే విధంగా ఆ పనులను ఇక్కడ వరుసగా ఇస్తున్నాము. మొదట నీరు, ఆ తర్వాత వేడి, ఆ తర్వాత వరద, చివర కరెంటు అనేదే ఇంటి పనులకు మేము సూచించే వరుస. సేద్యం, ఊరి పనులు ఆ తర్వాత విడిగా ఇచ్చాము. వీటిలో ప్రతి పనికీ ఒక నెల ఉంది. ఆ నెల దాటిపోతే పని మరుసటి ఏడాదికి పోతుంది కనుక నెలలను కూడా అక్కడక్కడే చెప్పాము.

1. ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం

నేడు పడిన వాన, నిన్నటి ఎండ ఒక రోజు సంగతులు మాత్రమే. ఒక ప్రాంతంలో సుమారు 30 ఏళ్ల పాటు నమోదైన వానల, ఎండల సగటు తీరును శీతోష్ణస్థితి అంటారు. కాబట్టి ఒక ఏడాది చెరువులు నిండినంత మాత్రాన మార్పు లేదనీ, ఒక ఏడాది ఎండినంత మాత్రాన అంతా అయిపోయిందనీ అనుకోకూడదు.

బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు మండించడం వల్ల, అడవులు నరకడం వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలోని ప్రతి పది లక్షల భాగాలలో ఇది సుమారు 280 భాగాలు ఉండేది, నేడు 420 దాటింది. ఈ వాయువు నేల నుంచి పైకి పోవలసిన వేడిని పట్టి ఉంచుతుంది. ఫలితంగా 2011 నుంచి 2020 వరకు గల దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత, 1850–1900 కాలంతో పోలిస్తే, సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉంది.

మనకు ముఖ్యమైనది దీని తర్వాతి మెట్టు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. వేడి గాలి నేలలోని తేమను త్వరగా లాగేస్తుంది, మబ్బు కురిసినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ నీటిని దింపుతుంది. అందుచేత ఏడాది మొత్తం వాన సగటుకు దగ్గరగానే ఉన్నా, అది కురిసే రోజులు తగ్గి ఒక్కో రోజు వాన పెరిగే ప్రమాదం ఉంది. 2021 నవంబరు మూడో వారంలో తిరుమల ఘాట్ రోడ్లు దెబ్బతిని, శ్రీవారి మెట్టు దారి మూతపడి, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్లు భయపడిన రోజులను ఇక్కడివారు మరచిపోలేరు. ఆ ఒక్క ఘటనకు కారణమంతా వాతావరణ మార్పేనని చెప్పడం సరికాదు, కానీ అటువంటి కుండపోతలకు అవకాశం పెరుగుతోందన్నది శాస్త్రజ్ఞుల నిర్ధారణ.

చేయవలసిన పనులు రెండు రకాలు. వాయువుల విడుదలను తగ్గించడం ఒకటి, వచ్చిన మార్పును తట్టుకునేలా ఇంటిని, చేనును సిద్ధం చేసుకోవడం మరొకటి. మొదటిదాని ఫలితం ప్రపంచమంతా కలిసి చేస్తేనే కనబడుతుంది, రెండోదాని ఫలితం అదే ఏడాది మీ ఇంట్లోనే కనబడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో రెండోదానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

2. పని మొదలుపెట్టే ముందు ఇంటి లెక్క

ఒక నోటు పుస్తకం తీసుకుని ఈ వివరాలు రాసుకోవాలి. ఇవి లేకుండా మేస్త్రీని పిలిస్తే పని ఆయన అలవాటు ప్రకారం జరుగుతుంది, మీ ఇంటి అవసరం ప్రకారం జరగదు.

☐ మిద్దె విస్తీర్ణం, మిద్దె పైనుంచి నీరు దిగే గొట్టాలు ఎన్ని, అవి ఎక్కడికి పోతున్నాయి
☐ బోరు లోతు, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే గొట్టం) ఎంతవరకు దింపారు, ఏ నెలలో నీరు తగ్గుతుంది
☐ సెప్టిక్ ట్యాంకు ఎక్కడ ఉంది, బోరుకు ఎంత దూరం
☐ 2021 వానలకు నీరు ఎంత ఎత్తు వరకు వచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది
☐ వేసవిలో పైఅంతస్తు గదిలో సాయంత్రం 4 గంటలకు, రాత్రి 10 గంటలకు ఎంత వేడి ఉంటుంది
☐ గడచిన 12 నెలల కరెంటు బిల్లులలోని యూనిట్లు
☐ ఇంట్లో వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, గుండె లేదా కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎవరు

వరద నీటి ఎత్తు మీకు తెలియకపోతే ఆ వీధిలో పాతకాపులను అడగండి. గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు.

3. వాన నీటిని ఇంట్లోనే పట్టడం

3.1 మీ మిద్దె మీద ఎంత నీరు పడుతుంది

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు కనుక 30 అంకణాల మిద్దె సుమారు 100 చదరపు మీటర్లు. ఆవిరి, చిందుళ్లు పోగా 80 శాతం నీరు చేతికి వస్తుందనుకుంటే, 50 మిల్లీమీటర్ల వానకు ఆ మిద్దె నుంచి 4,000 లీటర్లు దిగుతాయి. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడే చోట ఇది 72,000 లీటర్లు. చాలా ఇళ్లలో ఇదంతా వీధి కాలువలో కలుస్తోంది, అదే ఇంటివారు ఏప్రిల్‌లో ట్యాంకరుకు డబ్బు కడుతున్నారు.

3.2 నేల పరీక్ష

ఈ నీటిని నేలలోకి దింపే ఇంకుడు గుంత తవ్వే ముందు నేల నీటిని తాగుతుందో లేదో చూడాలి. గుంత అనుకున్న చోట అడుగు వెడల్పు, రెండు అడుగుల లోతు చిన్న గొయ్యి తీసి నిండా నీరు పోయాలి. అది ఇంకిన తర్వాత మళ్లీ నింపి, కర్ర పెట్టి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో కొలవాలి. మొదటిసారి పోసిన నీటితో కొలిస్తే ఎండిన మట్టి తాగిన నీరే లెక్కకు వస్తుంది కాబట్టి రెండోసారి కొలతే సరైనది.

గంటకు అంగుళం కూడా దిగకపోతే అది జిగట మట్టి. అక్కడ పైపైన గుంత తీస్తే నీరు నిలిచి దోమలు పెరుగుతాయి. గరుసు పొర తగిలే వరకు లోతు పెంచాలి, లేదా సంపులో నిల్వ చేసుకోవడం మేలు. మన జిల్లాల్లో ఎక్కువ భాగం గట్టి రాతినేల. నీరు పైనున్న శిథిల శిల పొరలోనూ, కింది రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఈ కారణం వల్లనే ఒక ఇంటి బోరు పారుతూ, పక్కింటి బోరు ఎండిపోతుంది.

3.3 ఇంకుడు గుంత కట్టే వరుస

మే నెలలో మొదలుపెట్టి జూన్ మొదటి వారానికి ముగించాలి. తప్పనిసరైతే సెప్టెంబరు చివరికైనా పూర్తి కావాలి, ఎందుకంటే తూర్పు మండలాలకు అసలు వాన అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది.

చోటు: ఇంటి పునాది నుంచి కనీసం 10 అడుగులు, సెప్టిక్ ట్యాంకు నుంచి 50 అడుగులు దూరం ఉండాలి. చిన్న స్థలంలో ఈ దూరం కుదరకపోతే గుంత వద్దు, మిద్దె నీటిని సంపుకే పంపండి. ఈ విషయంలో సర్దుబాటు చేసుకోకూడదు. మురుగు ఒకసారి బోరులోకి దిగితే దాన్ని బాగుచేయడం చాలా కష్టం.

తవ్వకం: 30 అంకణాల మిద్దెకు 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు మంచి కొలత. రాళ్లు నింపిన తర్వాత వాటి సందుల్లో ఒకేసారి సుమారు 1,700 లీటర్లు పడతాయి.

నింపడం: అడుగున 3 అడుగుల మేర పెద్ద రాళ్లు, వాటిపై అడుగున్నర మేర 20 మిల్లీమీటర్ల కంకర, దానిపై నైలాన్ వల పరచి, వలపై ఒక అడుగు ముతక ఇసుక వేయాలి. పై అర అడుగు ఖాళీగా వదలాలి. వల లేకపోతే ఇసుక రెండు వానలకే రాళ్ల సందుల్లోకి జారి గుంత మూసుకుపోతుంది.

పొంగు దారి: కుండపోతలో గుంత నిండడం ఖాయం. పై అంచున ఒక గొట్టం పెట్టి అదనపు నీటిని మొక్కలకో, వీధి కాలువకో పంపాలి. దీన్ని మరిచిన ఇళ్లలోనే నీరు పునాదివైపు తిరుగుతుంది.

బోరు చుట్టూ గుంత తీసి, కేసింగ్‌కు రంధ్రాలు వేసి నేరుగా నీరు దింపే పద్ధతి కూడా ఉంది. ఎండిన బోరుకు, భూగర్భ జల శాఖవారి సలహాతో, శుభ్రంగా వడగట్టే ఏర్పాటుతో అది చేయవచ్చు. తాగునీటికి వాడే బోరుకు మాత్రం సొంతంగా రంధ్రాలు వేయించవద్దని మా గట్టి సలహా. కొంచెం ఎడంగా గుంత తీస్తే నేలే నీటిని వడగట్టి దింపుతుంది.

3.4 మిద్దె, గొట్టాలు

గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక నాలుగు అంగుళాల గొట్టం సుమారు 85 చదరపు మీటర్ల మిద్దె నీటినే దించగలదు. కాబట్టి 30 అంకణాల మిద్దెకు రెండు గొట్టాలు కావాలి. రెండంగుళాల గొట్టం ఒక్కటి పెట్టి వదిలేసిన మిద్దెల మీద నీరు పిట్టగోడ ఎత్తున నిలిచి, స్లాబు చెమ్మెక్కుతుంది.

ప్రతి గొట్టం నోటికి జాలీ బిగించాలి. కిందికి వచ్చే గొట్టానికి ఒక మూత ఉన్న పక్కదారి పెట్టాలి. ఎండల తర్వాత వచ్చే తొలి వానను పూర్తిగా ఆ దారిలో బయటికి వదలాలి, ఆపై ప్రతి వానలో మొదటి పది నిమిషాల నీటిని వదిలి తర్వాత మూత బిగించాలి. పక్షుల రెట్టలు, దుమ్ము, ఆకులు ఆ నీటితోనే పోతాయి.

3.5 తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

బట్టలు ఉతికిన నీటిని, వంటింటి నీటిని ఇంకుడు గుంతలోకి కలపడం పెద్ద తప్పు. వాటిని విడిగా అరటి, బొప్పాయి పాదులకు పంపాలి.

గుంతపై ఇసుక ఏడాదికి ఒకసారి, మే నెలలో, పైకి తీసి కడిగి మళ్లీ వేయాలి. నీరు ఒకటి రెండు రోజులకు మించి నిలుస్తుంటే ఇసుక మూసుకుపోయిందని అర్థం.

ఇంటి చుట్టూ అంగుళం మట్టి లేకుండా సిమెంటు, టైల్స్ పరచడం ఇటీవల బాగా పెరిగింది. బురద ఉండదన్న మాట నిజమే, కానీ ఆ నీరంతా వీధిలోకి పోయి పల్లపు ఇళ్లను ముంచుతుంది, వేసవిలో అదే నేల రాత్రి వరకు వేడి కక్కుతుంది. ఇప్పటికే పరచినవారు కనీసం గోడ వెంట రెండడుగుల పట్టీని తీసివేసి మట్టిని బయటపెట్టాలి.

4. మిద్దె వేడిని తగ్గించడం

మిద్దెకు తెల్లని పూత వేయడం ఫిబ్రవరి చివరలోనో మార్చి మొదట్లోనో చేయవలసిన పని. కత్తిరి ఎండలు మొదలయ్యాక మిద్దె ఎక్కి పని చేయడం కూలీలకు ప్రమాదం, పూత కూడా త్వరగా ఆరి పెచ్చులు లేస్తుంది. తెల్లని పూత ఎండను తిప్పి పంపడం వల్ల పైఅంతస్తు గదుల్లో సాధారణంగా 2 నుంచి 5 డిగ్రీల వరకు వేడి తగ్గుతుంది.

మొదట మిద్దెను ఊడ్చి, కడిగి, పగుళ్లను పూడ్చాలి. సున్నాన్ని కనీసం ఒక రోజు ముందు నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, బంక కలపాలి. సాయంత్రం వేళ మిద్దెను తడిపి పలుచగా ఒక పూత వేసి, మరునాడు రెండోది, అవసరమైతే మూడోది వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే నిలవదు. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది కనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

సున్నం ప్రతి ఏడాదీ వేయాలి. ఖర్చు భరించగలవారు వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటు వేయిస్తే అది కొన్నేళ్లు నిలుస్తుంది. కొనేటప్పుడు డబ్బాపై సౌర పరావర్తన సూచిక (ఎస్ఆర్ఐ, ఎండను ఎంత బాగా తిప్పి పంపుతుందో చెప్పే అంకె) ఎంత ఉందో అడగండి, ఆ అంకె రాయని పెయింటు మామూలు తెల్ల రంగే కావచ్చు.

సున్నం వేసిన ఏడాది తొలి రెండు వానల నీటిని సంపులోకి గానీ గుంతలోకి గానీ తీసుకోకూడదు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి పడమటి కిటికీయే మొదటి పని. తెర లోపలివైపు వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేస్తుంది. తడక, వెదురు చాప లేదా షేడ్ నెట్ కిటికీకి బయటివైపు కట్టాలి. రాత్రి చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరిచి, ఉదయం 8 గంటలకు మూసివేస్తే పగలంతా గది తేడా తెలుస్తుంది.

5. వడదెబ్బ నుంచి మనుషులను కాపాడడం

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా ప్రకటిస్తుంది. కానీ తూర్పు మండలాల్లో గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు 38 డిగ్రీలకే చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ధైర్యపడకండి.

ఎండలో పనిచేసేవారు దాహం వేయకముందే కొద్దికొద్దిగా నీరు తాగాలి. మజ్జిగ, రాగి అంబలి మంచివే. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో గీసి కొలిచిన 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి, ఉప్పు అంతకంటే పెంచకూడదు.

మనిషి తడబడి మాట్లాడినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు నీడకు చేర్చి, ఒళ్లంతా నీరు పోసి విసరాలి. మెడ, చంకలు, గజ్జలపై తడిగుడ్డ వేయాలి. స్పృహలేని మనిషి నోట్లో నీరు పోయడం చాలామంది చేసే తప్పు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. జ్వరం మాత్ర కూడా ఇక్కడ పనిచేయదు.

6. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు: వరద సిద్ధత

సెప్టెంబరులోనే చేయవలసినవి:

☐ ఇంటి ముందు కాలువలోని చెత్త, పూడిక తీయించడం
☐ కరెంటు మీటరు, మోటారు స్టార్టరు 2021 నీటి గుర్తు కంటే ఎత్తుకు మార్పించడం
☐ సంపు మూతను నేల కంటే కనీసం అడుగు ఎత్తులో బిగించడం
☐ పట్టాదారు పుస్తకం, ఆధార్, సర్టిఫికెట్లు నీరు పోని సంచిలో పెట్టి, ఫోటోలు తీసుకోవడం
☐ వారానికి సరిపడా మందులు, టార్చి, తాగునీటి క్యాన్లు
☐ ఫోనులో సచేత్, దామిని యాప్‌లు. మొదటిది విపత్తు హెచ్చరికలకు, రెండోది పిడుగు హెచ్చరికలకు
☐ 112, 108, రాష్ట్ర విపత్తు నిర్వహణ 1070, విద్యుత్ ఫిర్యాదు 1912 నంబర్లు గోడపై రాయడం

వాన పడుతున్నప్పుడు పాటించవలసిన నియమం ఒక్కటే: పారే నీటిలోకి బండి దింపకూడదు. వంకల మీది కాజ్‌వేలు, తిరుపతిలో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే వంతెన కింది దారి వంటివి పైకి నిశ్చలంగా కనబడినా లోతు తెలియదు. చుట్టు దారిలో వెళ్లండి, లేదా ఆగండి.

వరద నీరు తగ్గిన తర్వాత సంపును కడిగి నింపి, 1,000 లీటర్లకు సుమారు 4 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, గంటసేపు ఆగి వాడాలి. తాగే నీటిని కాచాలి. తడిసిన స్విచ్చులను ఎలక్ట్రీషియన్ చూడనిదే వేయకూడదు.

ఇంటి స్థలం కొనేవారు ధర కంటే ముందు సర్వే పటం చూడాలి. ఆ సర్వే నంబరులోగానీ పక్కనగానీ చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు (చెరువుకో వాగుకో చెందిన ప్రభుత్వ భూమి) ఉందేమో సర్వేయరుతో చూపించుకోవాలి. ఎండిన వంక ఇరవై ఏళ్లు నిద్రపోయినా, నీటికి దాని దారి అదే.

7. కరెంటు, గ్యాసు, పెట్రోలు

ఇంటి నుంచి వెలువడే వాయువుల లెక్క తీయడం తేలిక. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోలు, 14.2 కిలోల గ్యాసు బండకు సుమారు 42 కిలోలు, లీటరు పెట్రోలుకు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. నెలకు 250 యూనిట్లు, ఒక బండ, 20 లీటర్ల పెట్రోలు వాడే ఇంట్లో కరెంటు వాటా 175 కిలోలు, మిగిలిన రెండూ కలిపి 88 కిలోలు. కనుక ఇటువంటి ఇల్లు కరెంటుతోనే మొదలుపెట్టాలి.

పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగే చోట నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఏసీని 24 డిగ్రీల కంటే తగ్గించకుండా ఫ్యానుతో కలిపి వాడాలి, ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం ఆదా.

సోలార్ పలకల గురించి ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయి. మిద్దెపై సోలార్ పలకలకు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆ పైన 78,000 రూపాయల రాయితీ ఉంది. ఒక కిలోవాట్ మన ఎండలో రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 3 కిలోవాట్లకు నీడ పడని 8 లేదా 9 అంకణాల చోటు కావాలి. ముందు మిద్దె చెమ్మ, పగుళ్లు సరిచేయించి, ఆ తర్వాతే పలకలు బిగించాలి. నీళ్ల ట్యాంకు నీడ ఏ గంటలో ఎక్కడ పడుతుందో డిసెంబరులో చూసుకోవాలి, ఎందుకంటే ఆ నెలలోనే నీడలు పొడవు. పథకంలో నమోదైన గుత్తేదారునే ఎంచుకుని, నెట్ మీటరు (మీరు వాడిన, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) బిగించాకే చివరి చెల్లింపు చేయండి.

8. సేద్యంలో మార్చుకోవలసినవి

మెట్ట చెనిక్కాయ (వేరుశనగ) వేసేవారు తొలి జల్లుకే విత్తనం వేయడం వల్లనే ఎక్కువగా నష్టపోతున్నారు. నేల జానెడు లోతు తడిసిందో లేదో తవ్వి చూసి విత్తాలి. కందిని సాళ్ల మధ్య వేస్తే ఒక పంట పోయినా మరొకటి నిలుస్తుంది. వాన బాగా ఆలస్యమైతే చెనిక్కాయను పట్టుకుని కూర్చోకుండా రాగి, కొర్ర, ఉలవ వంటి వాటికి మారడం మేలని మా అభిప్రాయం.

ఊడలు దిగి కాయ కట్టే దశలో బెట్ట తగిలితే దిగుబడి బాగా పడిపోతుంది. ఒక ఎకరానికి 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి సుమారు 80,000 లీటర్లు కావాలి. చేనులో పల్లపు మూలన పంట కుంట తీసేటప్పుడు ఈ అంకెను లెక్కలో పెట్టుకోవాలి. కుంటలోకి నీరు వచ్చే దారిలో చిన్న పూడిక గుంత, పొంగి పోయే దారిలో రాతి పరుపు ఉండాలి. ఈ రెండూ లేని కుంట రెండేళ్లలో పూడుతుంది లేదా కట్ట తెగుతుంది.

మామిడి లేత మొక్కల పాదుల్లో ఎండుటాకులు, చెరకు ఆకులు నాలుగంగుళాల మందం పరచాలి, మొదలుకు తగలకుండా జానెడు ఎడం వదలాలి. ఆకు తగలబెట్టడం వల్ల నేలకు చేరవలసిన సారం పొగగా పోతుంది.

9. ఊరంతా కలిసి చేయవలసినది

ఇంట్లో గుంతలు ఎన్ని తీసినా, చెరువుకు నీరు తెచ్చే కాలువ ఆక్రమణలో ఉంటే ఆ ఊరి బోర్లు నిలవవు. ఏప్రిల్‌లో పదిమంది కలిసి చెరువు వరవ కాలువ వెంట మొదటి నుంచి చివరి వరకు నడవాలి. పూడిక, ముళ్ల కంప, ఆక్రమణ, పగిలిన తూము, మొరవ (చెరువు నిండాక అదనపు నీరు పొంగి పోయే చోటు) వద్ద అడ్డు ఎక్కడెక్కడ ఉన్నాయో సర్వే నంబరుతో, ఫోటోతో రాసుకోవాలి.

అర్జీలో ‘చెరువు బాగుచేయండి’ అని మాత్రమే రాస్తే అది శాఖల మధ్య తిరుగుతుంది. పూడిక పనిని ఉపాధి హామీకి, తూము మరమ్మతును జలవనరుల శాఖకు, ఆక్రమణను తహసీల్దారుకు విడివిడిగా రాయాలి. గ్రామసభలో చదివించి తీర్మానంలో నమోదు చేయించాలి. పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో తీర్మానం నకలుతో సహా ఇచ్చి, రసీదు నంబరు తీసుకోవాలి. మొరవ వద్ద అడ్డు మాత్రం అక్టోబరుకు ముందే తొలగాలి కాబట్టి ఆ అర్జీని మిగిలినవాటితో కలపకుండా, జూన్‌లోనే ప్రత్యేకంగా ఇవ్వండి.